కమాండ్ లైన్‌లో 7-జిప్: ఫైళ్లు కుదించడం, ముక్కలు చేయడం, సరిగ్గా విప్పడం

చిక్కడపల్లి, నారాయణగూడ వైపు డీటీపీ పని చేసేవాళ్లు, పెళ్లి ఫొటోలు తీసేవాళ్లు, అమీర్‌పేటలో కోర్సులు చేస్తున్న పిల్లలు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. పెద్ద ఫోల్డర్‌ని జిప్ చేసి పంపాలి, అవతలివాళ్లు "అన్నా, ఫైల్ ఓపెన్ అయితలేదు" అని ఫోన్ చేయకూడదు. ఎలా?

రైట్ క్లిక్‌తో జిప్ చేయడం అందరికీ తెలుసు. కానీ కొన్ని ఫైళ్లు వదిలేయాలన్నా, ముక్కలు చేయాలన్నా, రోజూ అదే పని అదే తీరులో జరగాలన్నా కమాండ్ లైనే (మౌస్‌తో కాకుండా ఆదేశాలు టైప్ చేసి పని చేయించే విండో) మేలు. పైగా ఏ ఫైల్ చేరిందో, ఏది మిగిలిపోయిందో అది తెరమీద రాసి చూపిస్తుంది.

ఇక్కడ వాడే టూల్ 7-జిప్. ఉచితంగా దొరుకుతుంది. ఉదాహరణకి 'నవల' అనే ఫోల్డర్ ఉందనుకుందాం. అందులో పేజీల ఫైళ్లు, ఫాంట్లు, అట్ట బొమ్మ ఉన్నాయి. దాన్ని ప్రెస్‌కి పంపాలి.

1. ఈ కమాండ్లు ఎలా చదవాలి

కమాండ్లని పలికినట్టు తెలుగులో రాశాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాలు కొట్టాలి. 'ఏ' అంటే ఇంగ్లీషు మొదటి అక్షరం, 'ఈ' అంటే అయిదో అక్షరం. '7జెడ్' అంటే 7 అంకె, వెంటనే జెడ్ అక్షరం. హైఫన్ తర్వాత 'ఎంఎక్స్' అని ఉంటే ఎం, ఎక్స్ రెండక్షరాలూ జాగా లేకుండా పక్కపక్కనే కొట్టాలి. 'ఆన్', 'జిప్', 'ఇన్‌స్టాల్', 'ఎకో' లాంటివి మాత్రం మాటలు.

ఫైళ్ల, ఫోల్డర్ల పేర్లు మీ దగ్గర ఎలా ఉంటే అలాగే. తెలుగులో ఉన్నా ఇబ్బంది లేదు. ఆ సంగతి 9వ భాగంలో వివరంగా ఉంది.

2. మొదలుపెట్టే ముందు

సగం తప్పులు ఇక్కడే పుడతాయి. కమాండ్ కొట్టే ముందు ఇవి చూసుకోండి:

- పంపాల్సినవన్నీ ఒకే ఫోల్డర్ కింద ఉన్నాయా? డెస్క్‌టాప్ మీద ఒకటి, డౌన్‌లోడ్స్‌లో ఒకటి ఉంటే ముందు ఒకచోటికి చేర్చండి.
- ఫాంట్లు ఆ ఫోల్డర్‌లో ఉన్నాయా? మీ సిస్టమ్‌లో ఇన్‌స్టాల్ అయి ఉన్నంత మాత్రాన ప్రెస్ వాళ్లకి చేరవు.
- ఆ ఫైళ్లు తెరిచి ఉన్న సాఫ్ట్‌వేర్లు మూసేశారా? తెరిచి ఉన్న ఫైల్‌ని ఆ సాఫ్ట్‌వేర్ పట్టుకుని ఉంటే 7-జిప్ దాన్ని వదిలేసి, ఒక హెచ్చరిక రాసి ముందుకు పోతుంది. ఆర్కైవ్ (అన్నీ చేర్చి తయారైన ఒకే ఫైల్) తయారవుతుంది గానీ అందులో అసలు ఫైల్ ఉండదు.
- డ్రైవ్‌లో కనీసం ఆ ఫోల్డర్ సైజంత ఖాళీ ఉందా?
- అవతలివాళ్లు దేనిమీద విప్పుతారు? ఫోన్‌లో అయినా, పాత విండోస్‌లో అయినా జిప్ ఫార్మాట్ పంపండి. 7-జిప్ ఉన్నవాళ్లకైతే 7జెడ్ ఫార్మాట్ బాగా కుదురుతుంది.

3. ఇన్‌స్టాల్, పాత్

విండోస్‌కైతే 7-జిప్ సొంత సైట్ నుంచే దించుకోండి. పేరులో 7కీ జిప్‌కీ మధ్య హైఫన్, చివర డాట్ ఆర్గ్ ఉంటాయి. వేరే డౌన్‌లోడ్ సైట్ల జోలికి పోవద్దు.

ఇన్‌స్టాల్ అయ్యాక కమాండ్ విండోలో 7జెడ్ అని కొడితే చాలామందికి 'నాట్ రికగ్నైజ్డ్' అని వస్తుంది. టూల్ ఉంది, అదెక్కడుందో విండోస్‌కి తెలియదు, అంతే. ఇలా చెప్పండి:

1. స్టార్ట్ మెనూలో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అని వెతికి తెరవండి.
2. పాత్ అన్నదాన్ని ఎంచుకుని ఎడిట్, ఆ తర్వాత న్యూ నొక్కండి.
3. సి డ్రైవ్‌లో ప్రోగ్రామ్ ఫైల్స్ కింద ఉన్న 7-జిప్ ఫోల్డర్ చిరునామా పెట్టి ఓకే కొట్టండి.
4. తెరిచి ఉన్న కమాండ్ విండో మూసి కొత్తది తెరవండి. పాత విండోకి ఈ మార్పు తెలియదు.

ఉబుంటులో అయితే సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ పీ7జిప్-ఫుల్ అంటే సరిపోతుంది.

ఇక విండో తెరవడం. 'నవల' ఫోల్డర్ ఏ ఫోల్డర్‌లో ఉందో దాన్ని ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో తెరిచి, పైన అడ్రస్ బార్‌లో సీఎండీ అని కొట్టి ఎంటర్ నొక్కండి. కమాండ్ విండో నేరుగా అక్కడే తెరుచుకుంటుంది. పొడవాటి చిరునామాలు టైప్ చేసే బాధ ఉండదు.

4. మొదటి ఆర్కైవ్

7జెడ్ ఏ నవల-ప్రెస్.7జెడ్ నవల

వరస గుర్తుపెట్టుకోండి: టూల్ పేరు, పని, తయారయ్యే ఆర్కైవ్ పేరు, చివర లోపల పెట్టాల్సిన ఫోల్డర్. ఆర్కైవ్ పేరూ ఫోల్డర్ పేరూ తారుమారు చేయడం కొత్తవాళ్లు తరచూ చేసే పొరపాటు.

జిప్ కావాలంటే పేరు చివర .జిప్ అని పెట్టండి చాలు, ఫార్మాట్ అదే మారుతుంది.

ఫోల్డర్ పేరు ఇస్తే లోపలి ఫోల్డర్లన్నీ వాటంతటవే చేరతాయి. దానికోసం -ఆర్ పెట్టనక్కర్లేదు. నెట్‌లో దొరికే చాలా కమాండ్లలో అది ఉంటుంది. పెడితే వేరే చోట అదే పేరుతో ఉన్న ఫోల్డర్లు కూడా లోపలికి వచ్చేస్తాయి. తీసేయండి.

ఇంకో చిక్కు. నిన్నటి ఆర్కైవ్ పేరుతోనే ఈరోజు మళ్లీ 'ఏ' నడిపితే 7-జిప్ కొత్తగా మొదలుపెట్టదు, పాతదానికే కలుపుతుంది. ఫోల్డర్‌లోంచి మీరు తీసేసిన పాత అట్ట బొమ్మ ఆర్కైవ్‌లో అలాగే ఉండిపోతుంది. ప్రెస్ వాళ్ల చేతికి రెండు అట్టలూ వెళ్తాయి. అందుకని ప్రతిసారీ పేరులో తేదీ పెట్టండి. పాతదాన్ని దిద్దే పని పెట్టుకోవద్దు.

5. ఎంత గట్టిగా కుదించాలి

7జెడ్ ఏ -ఎంఎక్స్=9 నవల-ప్రెస్.7జెడ్ నవల

-ఎంఎక్స్ విలువ 0 నుంచి 9 దాకా ఉంటుంది. 0 అంటే కుదించకుండా ఒకచోట చేర్చడం, 9 అంటే గట్టిగా కుదించడం. ఏమీ చెప్పకపోతే 5 తీసుకుంటుంది.

అన్నిటికీ 9 పెట్టే అలవాటు మంచిది కాదు. జేపీజీ ఫొటోలు, ఎంపీ4 వీడియోలు, ఎంపీ3 పాటలు ముందే కుదించి ఉన్నవి. వర్డ్ వాడే డాక్స్ ఫైల్ అసలు లోపల జిప్పే. వీటిమీద ఎంత సేపు శ్రమపడినా సైజు దాదాపు తగ్గదు. పెళ్లి ఆల్బమ్ జేపీజీలు పంపాలంటే -ఎంఎక్స్=0 పెట్టండి. పని చప్పున అయిపోతుంది. సైజు తగ్గించడం అక్కడ లక్ష్యం కాదు, వందల ఫైళ్లు ఒకటిగా చేరితే చాలు.

టెక్స్ట్, పేజీ లేఅవుట్ ఫైళ్లు, కుదించని టిఫ్ బొమ్మలు, డేటాబేస్ డంప్‌లు బాగా తగ్గుతాయి. 9 వాడాల్సింది వాటికి. తక్కువ ర్యామ్ ఉన్న పాత సిస్టమ్ 9 దగ్గర ఆగిపోతే 5కి రండి.

6. అక్కర్లేనివి వదిలేయడం

7జెడ్ ఏ నవల-ప్రెస్.7జెడ్ నవల -ఎక్స్ఆర్!*.టీఎంపీ -ఎక్స్ఆర్!పాతవి

మొదటిది టెంపరరీ ఫైళ్లని, రెండోది 'పాతవి' అనే ఫోల్డర్‌ని ఎంత లోపలున్నా వదిలేస్తుంది. లినక్స్‌లో ఆశ్చర్యార్థకానికి వేరే అర్థం ఉంది కాబట్టి ఆ మొత్తాన్ని ఒంటి కొటేషన్లలో పెట్టండి.

చుక్కల విషయంలో ఒక జాగ్రత్త. 7-జిప్‌లో *.* అంటే ఎక్స్‌టెన్షన్ (పేరు చివర చుక్క తర్వాత వచ్చే భాగం) ఉన్న ఫైళ్లు మాత్రమే. అన్నీ కావాలంటే ఒట్టి * రాయండి.

7. పాస్‌వర్డ్

7జెడ్ ఏ -పి -ఎంహెచ్ఈ=ఆన్ నవల-ప్రెస్.7జెడ్ నవల

-పి తర్వాత ఏమీ రాయకండి. ఎంటర్ కొట్టాక అదే పాస్‌వర్డ్ అడుగుతుంది, మళ్లీ ఒకసారి కొట్టమంటుంది. కొట్టేటప్పుడు తెరమీద ఏమీ కనిపించదు, కీబోర్డ్ పనిచేయట్లేదని కంగారు పడకండి. కమాండ్‌లోనే పాస్‌వర్డ్ రాస్తే అది తెరమీద, కమాండ్ హిస్టరీలో ఉండిపోతుంది. నలుగురు వాడే సిస్టమ్‌లో అది ప్రమాదం.

-ఎంహెచ్ఈ=ఆన్ ఫైళ్ల పేర్లని కూడా దాస్తుంది. ఇది లేకపోతే లోపలిది తెరుచుకోకపోయినా పేర్ల జాబితా ఎవరికైనా కనిపిస్తుంది. 'జీతాలు', 'ఆధార్ కాపీలు' లాంటి పేర్లున్నప్పుడు అదే చాలు ఇబ్బందికి.

జిప్ ఫార్మాట్‌లో పేర్లు దాచే వీలు లేదు. దాని మామూలు ఎన్‌క్రిప్షన్ (పాస్‌వర్డ్‌తో లోపలిది దాచే పద్ధతి) కూడా బలహీనం. జిప్పే కావాలంటే -ఎంఈఎం=ఏఈఎస్256 కలపండి. కానీ విండోస్ సొంత జిప్ విండో దాన్ని విప్పలేదు, అవతల కూడా 7-జిప్ లాంటిది ఉండాలి. రహస్యం ఉన్నచోట 7జెడ్ ఫార్మాట్ వాడమనే నేను చెబుతాను.

పాస్‌వర్డ్ ఇంగ్లీషు అక్షరాలు, అంకెల్లో పొడుగ్గా పెట్టండి. తెలుగులో పెడితే అవతలివాళ్ల కీబోర్డ్‌తో చిక్కు. దాన్ని అదే మెయిల్‌లో రాయొద్దు, ఫోన్ చేసి చెప్పండి. ఎక్కడో ఒకచోట రాసి పెట్టుకోండి కూడా, మరిచిపోతే తిరిగి తెప్పించే దారి లేదు.

8. ముక్కలు చేయడం

7జెడ్ ఏ -వి4000ఎం పెళ్లి.7జెడ్ ఫొటోలు -ఎంఎక్స్=0

దీంతో .001, .002 చివర్లతో ముక్కలు తయారవుతాయి. ఒక్కో ముక్క 4000 ఎంబీ.

4000 ఎందుకు, -వి4జి అని రాస్తే పోదా అని చాలామంది అడుగుతారు. పోదు. 32 జీబీ దాకా ఉండే పెన్‌డ్రైవ్‌లు ఎక్కువగా ఫ్యాట్32 ఫార్మాట్‌లో వస్తాయి. అందులో ఒక్క ఫైల్ గరిష్ఠంగా 4,29,49,67,295 బైట్లు ఉండొచ్చు. -వి4జి ఇచ్చే ముక్క సరిగ్గా 4,29,49,67,296 బైట్లు. ఒక్క బైట్ ఎక్కువ. ఆ ఒక్క బైట్ వల్ల కాపీ ఆగిపోతుంది, 'ఫైల్ చాలా పెద్దది' అని వస్తుంది. డ్రైవ్‌లో చూస్తే బోలెడు ఖాళీ కనిపిస్తుంది. సికింద్రాబాద్ సీటీసీకి వెళ్లి కొత్త పెన్‌డ్రైవ్ కొన్నా ఇదే జరుగుతుంది.

మెయిల్‌కి వేరే లెక్క. జీమెయిల్ పరిమితి 25 ఎంబీ. అటాచ్ చేసిన ఫైల్ మెయిల్‌లోకి మారేటప్పుడు మూడో వంతు దాకా పెరుగుతుంది కాబట్టి -వి18ఎం పెట్టి, ఒక్కో మెయిల్‌కి ఒక్కో ముక్క పంపండి. నాలుగైదు ముక్కలు దాటితే మెయిల్ వదిలేసి గూగుల్ డ్రైవ్ లింక్ పంపడమే నయం. లోపలి జాబితా పాస్‌వర్డ్‌తో దాచిన ఆర్కైవ్‌లని జీమెయిల్ అటాచ్ చేయనివ్వదు. 7వ భాగంలో చెప్పినట్టు చేసి ఉంటే మొదటినుంచీ లింక్ దారే పట్టండి.

ముక్కలు చేశాక ఆ ఆర్కైవ్‌లో మార్పులు చేయడం కుదరదు. ఒక్క పేజీ మారినా మళ్లీ మొత్తం తయారు చేయాలి.

9. తెలుగు పేర్లున్న ఫైళ్లు

కమాండ్ విండోలో తెలుగు పేర్లు డబ్బాల్లాగానో ప్రశ్నార్థకాల్లాగానో కనిపించొచ్చు. అది ఆ విండో ఫాంట్ లోపం. ఆర్కైవ్ లోపల పేర్లు యూనికోడ్‌లో భద్రంగా ఉంటాయి. విప్పి చూడండి, సరిగ్గా వస్తాయి. జిప్ చేసేటప్పుడు మాత్రం -ఎంసీయూ=ఆన్ పెడితే పేర్లు యూటీఎఫ్-8లో రాస్తుంది. అవతల లినక్స్ అయినా, మాక్ అయినా మేలు.

అసలు చిక్కు పేరు పొడవుతో వస్తుంది. లినక్స్‌లో ఒక ఫైల్ పేరు 255 బైట్లు దాటకూడదు. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కోటి 3 బైట్లు. అంటే 85 సంకేతాలు. 'శ్రీ' మన కంటికి ఒక్క అక్షరం. సిస్టమ్‌కి శ, పొల్లు గుర్తు, ర, ఈత్వం కలిపి 4 సంకేతాలు, 12 బైట్లు. పెళ్లి శుభలేఖ మీది వాక్యమంతా ఫైల్‌కి పేరుగా పెడితే విండోస్‌లో బాగానే ఉంటుంది, ప్రెస్ వాళ్ల లినక్స్ సర్వర్‌లో విప్పేసరికి ఆ ఒక్క ఫైలే రాదు. పేర్లు చిన్నవి పెట్టండి.

విండోస్‌లోనూ హద్దుంది. చాలా సాఫ్ట్‌వేర్లు మొత్తం చిరునామా 260 సంకేతాలు దాటితే తడబడతాయి. ఆర్కైవ్‌ని డెస్క్‌టాప్ మీద పది ఫోల్డర్ల లోపల కాకుండా డి డ్రైవ్ మొదట్లోనే విప్పండి.

10. పరీక్షించకుండా పంపొద్దు

7జెడ్ టి నవల-ప్రెస్.7జెడ్

ఈ మార్గదర్శిలో ఒక్కటే గుర్తుంటుందంటే ఇది గుర్తుండాలని నా కోరిక. 'టి' ఆర్కైవ్‌ని చివరిదాకా చదివి, లోపలి ప్రతి ఫైల్‌నీ సరిచూస్తుంది. దేన్నీ బయటికి విప్పదు. అంతా బాగుంటే 'ఎవ్రీథింగ్ ఈజ్ ఓకే' అని వస్తుంది. దాని కింద ఫోల్డర్లెన్ని, ఫైళ్లెన్ని, అసలు సైజెంత, కుదించాక ఎంత అన్నవి ఉంటాయి.

ఆ ఫైళ్ల సంఖ్య దగ్గర ఆగండి. 'నవల' ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూడండి. ఏమీ వదిలేయమనకపోతే రెండు సంఖ్యలూ ఒకటే ఉండాలి. ఒకటి తక్కువుంటే ఏదో తెరిచి ఉన్న ఫైల్ మిగిలిపోయిందని అర్థం. పరీక్ష ఓకే అన్నంత మాత్రాన చేరని ఫైల్ చేరినట్టు కాదు, అది లోపలున్నవాటినే చూస్తుంది.

పంపే ముందు:

- తయారీ చివర హెచ్చరికలేమీ రాలేదు.
- 'టి' ఓకే అంది.
- ఫైళ్ల సంఖ్య కలిసింది.
- వేరే ఖాళీ ఫోల్డర్‌లో ఒకసారి విప్పి, ముఖ్యమైన రెండు ఫైళ్లు తెరిచి చూశారు.
- అవతలివాళ్లు విప్పి సరే అనేదాకా అసలు ఫోల్డర్ మీ దగ్గరే ఉంటుంది.

-ఎస్‌డెల్ అనే స్విచ్ కుదించగానే అసలు ఫైళ్లని తీసేస్తుంది. జాగా కలిసొస్తుందని కొందరు సలహా ఇస్తారు. వాడకండి. పరీక్షకి ముందే అసలు పోతుంది.

నెట్‌లో పంపిన పెద్ద ఫైల్ తేడా లేకుండా చేరిందో లేదో చూడాలంటే రెండు వైపులా ఇది నడపండి:

7జెడ్ హెచ్ -ఎస్‌సీఆర్‌సీఎస్‌హెచ్ఏ256 నవల-ప్రెస్.7జెడ్

వచ్చిన పొడుగు సంఖ్య మొదటి ఆరు, చివరి ఆరు అక్షరాలు ఫోన్‌లో చదివించుకుంటే తెలిసిపోతుంది.

11. విప్పడం

ముందు లోపలేముందో చూడండి:

7జెడ్ ఎల్ నవల-ప్రెస్.7జెడ్

తర్వాత విప్పండి:

7జెడ్ ఎక్స్ నవల-ప్రెస్.7జెడ్ -ఓడి:\విప్పినవి

-ఓ తర్వాత జాగా వదలకూడదు. హైఫన్, ఓ, వెంటనే డ్రైవ్ అక్షరం. ఫోల్డర్ పేరులో జాగా ఉంటే ఆ చిరునామాని జంట కొటేషన్లలో పెట్టండి. ఆ ఫోల్డర్ లేకపోతే అదే తయారు చేసుకుంటుంది.

'ఎక్స్' బదులు 'ఈ' కొట్టేవాళ్లు చాలామంది. 'ఈ' కూడా విప్పుతుంది గానీ లోపలి ఫోల్డర్లన్నీ తీసేసి ఫైళ్లన్నిటినీ ఒకేచోట పోస్తుంది. ప్రతి అధ్యాయం ఫోల్డర్‌లో 'బొమ్మ1' అనే ఫైల్ ఉందనుకోండి, అవి ఒకదాని మీద ఒకటి పడతాయి. ఫోల్డర్ల అమరిక కావాలంటే ఎప్పుడూ 'ఎక్స్'.

అక్కడ అదే పేరుతో ఫైల్ ఉంటే 7-జిప్ ఆగి అడుగుతుంది. ముందే చెప్పాలంటే: -ఏఓఎస్ అంటే ఉన్నదాన్ని ముట్టుకోదు, -ఏఓయూ అంటే కొత్తదానికి పేరు మార్చి రాస్తుంది, -ఏఓఏ అంటే అడక్కుండా పాతదాని మీద రాసేస్తుంది. సరిచూసుకోకుండా -ఏఓఏ వద్దు.

ముక్కలైతే అన్నీ ఒకే ఫోల్డర్‌లో పెట్టి .001 ఒక్కదానిమీదే కమాండ్ నడపండి, మిగతావి అదే తీసుకుంటుంది. రార్ ఫైళ్లని కూడా 'ఎక్స్' విప్పుతుంది, కానీ 7-జిప్‌తో రార్ తయారు చేయలేం.

12. వచ్చే ఎర్రర్లు, వాటి పరిష్కారం

'కెనాట్ ఓపెన్ యాజ్ ఆర్కైవ్': డౌన్‌లోడ్ మధ్యలో ఆగింది, లేదా .001 బదులు వేరే ముక్క మీద నడిపారు. ముందు సైజు సరిపోల్చండి.

'డేటా ఎర్రర్', 'సీఆర్‌సీ ఫెయిల్డ్': లోపల కొంత పాడైంది. మళ్లీ దించుకోండి, పెన్‌డ్రైవ్ అయితే మళ్లీ కాపీ చేయండి. పాస్‌వర్డ్ ఉన్న ఆర్కైవ్ అయితే పాస్‌వర్డ్ తప్పు కొట్టినా ఇలాంటి సందేశమే వస్తుంది, క్యాప్స్ లాక్ చూడండి. 7జెడ్ ఫార్మాట్‌లో పాడైన భాగాన్ని బాగుచేసే ఏర్పాటు లేదు. దాచుకునే ఆర్కైవ్‌లు రెండు వేరే డిస్కుల్లో ఉండాలి.

'అనెక్స్‌పెక్టెడ్ ఎండ్': చివరి ముక్క రాలేదు, లేదా సగమే వచ్చింది.

హెచ్చరికలతో ముగిసింది: ఎకో %ఎర్రర్‌లెవెల్% అని కొట్టండి. 0 వస్తే అంతా బాగుంది. 1 వస్తే కొన్ని ఫైళ్లు చేరలేదు, పైకి జరిపి ఏవో చదవండి, ఆ సాఫ్ట్‌వేర్ మూసి కొత్త పేరుతో మళ్లీ తయారు చేయండి. 2 వస్తే పని విఫలం. 7 వస్తే కమాండ్ తప్పు రాశారు. 8 వస్తే మెమరీ చాలలేదు, -ఎంఎక్స్ తగ్గించండి.

లినక్స్‌లో ఓనర్, గ్రూప్ వివరాలు పోయాయి: 7జెడ్ ఫార్మాట్ వాటిని భద్రపరచదు. సర్వర్ బ్యాకప్ అయితే ముందు టార్‌తో (లినక్స్‌లో ఫైళ్లని ఒకటిగా చేర్చే టూల్) ఒకటిగా చేసి, ఆ టార్ ఫైల్‌ని 7-జిప్‌తో కుదించండి.